మోకాలి మీద గుర్తు

ఆత్మకూర్ నుంచి వచ్చే బస్సు మా ఊరి దగ్గర ఆగగానే డ్రైవరు అద్దంలో నన్ను చూసి ఇంజను ఆపేసేవాడు. నేను దిగడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. ముందు చేతిసంచి కింద ఎవరికైనా అందించాలి. తర్వాత వెనక్కి తిరిగి, చంటిపిల్లలు గడప దిగినట్టు, కడ్డీ పట్టుకుని ఒక్కో కాలూ కిందికి జార్చాలి. "నిమ్మలంగ దిగవ్వా, నాకేం తొందర లేదు" అనేవాడు పాపం. బస్సులో మిగతావాళ్ళకు మాత్రం తొందర ఉండేది.

రెండు మోకాళ్ళూ అరిగాయి గాని ఎడమది మరీ చెడింది. నడుస్తుంటే లోపల జొన్నలు విసురుతున్నట్టు చప్పుడు. ఆముదం కాచి పట్టించాను. జిల్లేడు ఆకులు వేడి చేసి కట్టుకున్నాను. ఒకాయన వాత పెట్టించుకోమన్నాడు. మేం కురుమలం, గొర్రెలు కాసేవాళ్ళం. జీవాలకు కాలు వాస్తే వాతలు పెట్టేది మేమే కాబట్టి, ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను.

నొప్పిని ఎలాగో ఓర్చుకోవచ్చు. దానివల్ల వచ్చిన ఎడబాటునే ఓర్చుకోలేకపోయాను. మా ఆయన బీరన్న వరికోతలు కాగానే మందను తోలుకుని కృష్ణ ఒడ్డు ఊళ్ళకు పోతాడు. రైతులు తమ పొలాల్లో మందను పడుకోబెట్టమని అడుగుతారు. ఎరువు వాళ్ళకు, మేత మా గొర్రెలకు. ఒక పొలంలో నాలుగు దినాలు, ఇంకో పొలంలో ఐదు దినాలు, అట్లా వానలు పడేదాకా ఇంటి ముఖం చూడడు. పెళ్ళయిన నాటి నుంచి నేనూ వెంట పోయేదాన్ని. గిన్నెలు గాడిద మీద, పిల్ల నా చంకలో. ఇప్పుడు మూడేళ్ళుగా నేను ఇక్కడ, ఆయన అక్కడ.

ఎవరైనా వెళ్ళిపోతుంటే చూడడం నాకు చేతకాదు. మా నాయిన బొంబాయి పనికి బస్సెక్కిన రోజు నాకు ఏడేళ్ళు. ఆ తర్వాత ఆయనను చూడలేదు. మా అమ్మను కడుపునొప్పి అని బండి మీద దవాఖానకు తీసుకుపోయారు. వాకిట్లోంచి నాకు చెయ్యి ఊపింది. అదే ఆఖరు. అందుకే బీరన్న బయలుదేరేనాడు నేను పెరట్లోకి పోయి ఏదో పని పెట్టుకునేదాన్ని. మంద గంటల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా లోపలికి వచ్చేదాన్ని కాదు.

మా బిడ్డ మల్లీశ్వరి నారాయణపేట దగ్గర అంగన్‌వాడీ టీచరు. ఆమే పట్టుబట్టి నన్ను పాలమూరులో ఒక దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూపించాడు.

"మోకాలు మొత్తం తీసెయ్యమమ్మా. అరిగిన పైభాగం చెక్కి లోహపు తొడుగు వేస్తాం. బండి చక్రానికి పట్టా వేస్తారు చూడు, అట్లా."

"మల్ల గొర్రెల ఎనక నడుస్తనా సారూ?"

"నడుస్తావు. ఇట్లనే వదిలేస్తే మాత్రం రెండేళ్ళకు మంచం దిగడం కష్టం."

సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. నేను బడికి పోలేదు. మల్లీశ్వరి ఒకటో తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని, బస్సు బోర్డులు, గోడల మీది రాతలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందువల్ల ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది. రక్తం గడ్డకట్టవచ్చునట. లోపల చీము పట్టవచ్చునట. ఇవన్నీ ఎప్పుడో నూటికి ఒకరికి అని ఉంది. ఆ ఒకరు ఎవరో మాత్రం రాయలేదు.

అయినా సంతకం పెట్టాను. మళ్ళీ బీరన్న వెంట పోవాలంటే ఇంకో దారి లేదు.

ఆపరేషనుకు ముందురోజు నన్ను చేర్చుకున్నారు. మంద ఇంకా ఊళ్ళోనే ఉంది కాబట్టి బీరన్న కూడా మాతో వచ్చాడు. పక్క మంచం మీద సావిత్రమ్మ అనే ఆమె ఉంది. చీరలు నేసే ఇంటామె. నాలుగు దినాల కిందట ఆమెకు మోకాలు మార్చారు. ఇనుప చట్రం పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతోంది.

"నాకు కొత్త మోకాలొచ్చింది గాని మా ఆయన పాతోడే ఉన్నడు," అంది నన్ను చూసి. "ఆయన్ని గూడ మారుస్తరా అని అడిగిన. సర్కారు కార్డు మీద అది రాదంటున్నరు."

చాలా రోజులకు గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం నర్సు మంజులత వచ్చింది. నా చీర అంచు పైకి జరిపి, ఊదా రంగు పెన్నుతో ఎడమ మోకాలి మీద పెద్ద సున్నా చుట్టి, పైన బాణం గీసింది. ఇంతలో ఎవరో పిలిస్తే ఒక్క మాటా చెప్పకుండా వెళ్ళిపోయింది.

నేను ఆ రంగు వైపు చూస్తూ ఉండిపోయాను. గొర్రెల అంగట్లో బేరం కుదిరితే బేరగాడు చేసే మొదటి పని గొర్రె మీద రంగు వెయ్యడం. రంగు పడితే ఆ జీవం మనది కాదు. సాయంత్రానికి లారీ ఎక్కుతుంది. ఇన్నేళ్ళలో బేరగాడి రంగు పడిన జీవం తిరిగి దొడ్డికి రావడం నేను చూడలేదు. మందలో ముందుగా అమ్మేది కూడా కుంటిదాన్నే.

నేను గొర్రెను కానని నాకు తెలుసు. తెలిసినా మంచం మీద ఉండలేకపోయాను. స్నానాల గదిలోకి పోయి సబ్బుతో రుద్దాను. రంగు పోలేదు. పీచుతో రుద్దాను. కొంచెం వెలిసింది. తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన ఇటుక పెళ్ళ కనిపించింది. దాంతో రుద్దాను. రంగుతో పాటు తోలు కూడా లేచింది.

తెల్లవారి మంజులత వచ్చి చీర జరిపి నిలబడిపోయింది.

"ఏందవ్వా గిది?"

"దురద పెట్టింది బిడ్డా. గోక్కున్న."

"ఇటుక పెట్టి గోక్కునే దురద నేనేడ చూడలే," అంది సావిత్రమ్మ పక్క మంచం మీద నుంచి. నేను రుద్దుకుంటుంటే ఆమె తలుపు సందులోంచి చూసిందని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరు వచ్చి చూశాడు. తోలు లేచిన చోట కొయ్యకూడదు, చీము పడుతుంది, పది దినాలు మాననిచ్చి రమ్మన్నాడు. నిజం చెప్పాలంటే నా ప్రాణం లేచి వచ్చింది. మల్లీశ్వరికి మాత్రం కోపం ఆగలేదు.

"ఆరు దినాలు లీవు పెట్టిన అమ్మా. ఆ దురదేదో ఇయ్యాల్నే పెట్టాల్నా?"

బీరన్న దగ్గరికి వచ్చాడు. వంగి నా మోకాలు చూశాడు. తోలు లేచిన చోట అంచున ఊదా రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. బస్సు దేవరకద్ర దాటాక మెల్లగా అడిగాడు.

"రంగు సూసి బయపడ్డవా?"

తల ఊపాను.

"ఏ కాలో యాది మరువకుంట పెడ్తరంట గుర్తు. వార్డుబాయి చెప్పిండు. చెడినది ఇడిసిపెట్టి ఇంకోటి కోస్తే ఏం జేద్దువు?"

"రెండూ చెడినయే గద," అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. చివరికి నాకూ నవ్వు వచ్చింది. భయం మాత్రం పోలేదు. ఇంక పోనేపోను, ఇట్లనే కుంటుకుంటూ బతుకుతాను అని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆ పది దినాల్లో మిగతా ఇళ్ళ మందలన్నీ కృష్ణ వైపు కదిలాయి. మా మంద ఒక్కటే ఊరి చివర దొడ్డిలో ఉంది. నన్ను వదిలి పోలేక బీరన్న పగలు చుట్టుపక్కల మేపుకొస్తున్నాడు. గడ్డి అయిపోతోంది. పోదామని ఆయన అనడు. పొమ్మని నేను అనలేను.

ఆరో నాడు నేను రొట్టెలు చేసి, సద్ది గిన్నె నేనే తీసుకుపోతానని బయలుదేరాను. మా ఇంటి నుంచి దొడ్డికి ఎంతో దూరం లేదు. ఒకప్పుడు పొయ్యి మీద ఎసరు పెట్టి పోయి, అది మరిగేలోపు తిరిగి వచ్చేదాన్ని. ఆరోజు నాలుగు ఇళ్ళ అరుగుల మీద కూర్చున్నాను. ప్రతి అరుగు దగ్గరా మోకాలికి ఏమైందని అడిగారు, ప్రతివాళ్ళకూ దురద కథే చెప్పాను. దొడ్డి చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. తడక తీసి ఉంది. లోపల తడి పెంట, కొన్ని ఉన్ని పోగులు తప్ప ఏమీ లేవు. నా కోసం చూసి చూసి ఆయన తినకుండానే మందను తోలుకుపోయాడు.

గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన ఎక్కడికీ పోలేదు. ఊళ్ళోనే ఉన్నాడు. అయినా అందుకోలేకపోయాను. దవాఖానకు పోతే తిరిగి రానేమోనని నేను భయపడుతున్నాను. ఇక్కడే ఉండి కూడా రోజూ కొంచెం కొంచెం ఆయనకు దూరం అవుతున్నాను. ఎడబాటు కోసం కృష్ణ దాకా పోనక్కర లేదు, ఊరి చివరి దాకా చాలు.

ఇంటికి వచ్చి మల్లీశ్వరికి ఫోను చేశాను.

"దవాఖానోళ్ళకు చెప్పు. నేను వస్తున్న."

"దురద తగ్గిందా?" అంది.

"తగ్గిందే. మల్లొస్తే నీకే చెప్త."

ఈసారి మంజులత పెన్ను పట్టుకుని మంచం మీద నా పక్కన కూర్చుంది. "అవ్వా, చెప్పి గీస్తున్న. రేపు కోసేది ఈ కాలే అని మా డాక్టరుకు తెల్వాలని. సరేనా?" అని సున్నా చుట్టి బాణం గీసింది. నేను బెడ్‌షీటు గట్టిగా పట్టుకున్నాను. బీరన్న నా ముఖం చూశాడు.

"బిడ్డా, ఆ పెన్ను జర నాకియ్యి."

"ఎందుకు తాతా?"

"నదికి పోయేటప్పుడు ఐదారిండ్ల మందలు కలిపి తోల్తం. ఏవి ఎవలవో తెల్వాలని ఒక్కో ఇంటోళ్ళు ఒక్కో గుర్తు పెడ్తం. మాది రెండు గీతలు. గది పెట్టిన జీవం యాడ కలిసినా మల్ల మా దొడ్డికే వస్తది."

మంజులత నా పాదం వైపు చూపించింది. "మోకాలి దగ్గర వద్దు తాతా, కింద గియ్యి," అని పెన్ను ఇచ్చింది. బీరన్న నా పాదం మీద రెండు గీతలు గీశాడు. రెండోది కొంచెం వంకర పోయింది. అది బేరగాడు వేసే రంగు కాదు, ఇంటివాడు పెట్టే గుర్తు. నేను బెడ్‌షీటు వదిలేశాను.

పొద్దున డాక్టరు ఆ గీతలు చూసి ఇదేమిటని అడిగాడు. బీరన్న మళ్ళీ మొత్తం చెప్పాడు.

"సరే. మీ జీవాన్ని మీ దొడ్డికే తోల్తాం," అన్నాడు డాక్టరు.

బండి మీద పడుకోబెట్టి తలుపు దాకా తోసుకుపోయారు. తలుపు మూసుకునేదాకా బీరన్న వైపే చూస్తూ ఉన్నాను.

ఆ తర్వాతి నెల సుఖంగా గడిచిందని చెప్పను. కాలు వంచమని మల్లీశ్వరి పొద్దునా సాయంత్రం ప్రాణం తీసింది. అంగన్‌వాడీ పిల్లలతో మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడేది. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి, మా అమ్మ బంగారం" అనేది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. కాని లోపల జొన్నలు విసిరే చప్పుడు ఆగిపోయింది. రెండో నెలలో చేతికర్రతో దొడ్డి దాకా పోయాను. ఏ అరుగు మీదా కూర్చోలేదు.

అప్పటికి మంద నది ఒడ్డుకు పోయింది. నేను లేవగలిగిన తర్వాతే బీరన్న కదిలాడు. మూడో నెల మల్లీశ్వరి నన్ను ఆయన దగ్గరికి బస్సెక్కించింది. అదే డ్రైవరు మంద ఉన్న ఊరి దగ్గర ఇంజను ఆపబోయి, నేను దిగిపోవడం చూసి మళ్ళీ గేరు వేశాడు.

కింద కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. పొలంలో కుర్చీ ఎక్కడిది. బీరన్న ఎక్కడో నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి సంపాదించి కోసిన మడి మధ్యలో వేశాడు. నేను కూర్చోగానే గొర్రెపిల్లలు దాని కింద నీడకు చేరాయి. ఒకటి నా కొంగు నమలడం మొదలుపెట్టింది. పొలం రైతు దశరథ్ గట్టు మీద నిలబడి చూశాడు.

"ఏం గుర్వక్కా, మంత్రి లెక్క కూసున్నవు. మందకు హామీలిస్తున్నవా ఏంది?"

"హామీలు మీ ఊర్ల ఇచ్చుకోరి తమ్మీ. మా గొర్రెలు నమ్మయి."

అతను నవ్వుకుంటూ వెళ్ళాక బీరన్న రొట్టె తుంచుతూ అడిగాడు. "కుడిది ఎప్పుడు జేపిస్తవు?"

"వానలు పడనియ్యి. మంద ఇంటికి చేరినంక పోదం."

"ఇటుకలు లేని దవాఖాన సూడాలె."

ఆయన చేతిలోని రొట్టె ముక్క లాక్కుని తిన్నాను.

ఐదో నాడు పొద్దున్నే తడకలు పీకాము. తర్వాతి పొలం చూపు మేరలోనే ఉంది. బీరన్న కుర్చీని తల మీద బోర్లించుకుని ముందు నడిచాడు. నేను గిన్నెల మూట పట్టుకుని మంద వెనక బయలుదేరాను. మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చింది. నిన్న పుట్టిన గొర్రెపిల్ల ఒకటి నాకంటే వెనకబడి నడుస్తోంది.