కొస విరిగిన గద

"అమ్మా, అక్కడ నువ్వేం మాట్లాడకు, ప్లీజ్. జస్ట్ స్మైల్ చెయ్యి," అంది ఆద్య, బస్ ఎక్కే ముందే.

దానికి ఏడేళ్ళు. దాని క్లాసు పిల్లలు మేముండే ఆష్‌బర్న్ నుంచి వాషింగ్టన్‌లో మ్యూజియం చూడ్డానికి వెళ్తుంటే, తోడుగా వస్తానని పేరు ఇచ్చింది నేనే. పదో తరగతి పరీక్షలు రాయకుండానే ఆగిపోయిన ఇంగ్లీషు నాది. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు రేపు క్లాసులో దాన్ని వదలదు.

మ్యూజియంలో ఒక అద్దాల పెట్టెలో ఎర్రమట్టి గిన్నె ఉంది. రోమన్లదట, రెండు వేల ఏళ్ళ నాటిది. సింహం తోలు కప్పుకుని గద పట్టిన వీరుడు గిన్నె చుట్టూ ఆరుసార్లు ఉన్నాడు. అందరూ హెర్క్యులీస్ అంటున్నారు. నాకు మాత్రం ఊళ్ళో మా నాన్న మట్టితో చేసే ఆంజనేయుడి బొమ్మ గుర్తొచ్చింది.

మ్యూజియం చూపిస్తున్న పెద్దావిడ పిల్లల్ని అడిగింది: ఆరు గదలకీ కొస లేదు, ఎందుకని?

"ఫైట్‌లో విరిగిపోయింది!"

"లయన్ తినేసింది!"

ఎందుకో నాకు తెలుసు. అమ్మకి నడుము పడిపోయిన ఏడాది బడి మాని, అచ్చుల్లో మట్టి నొక్కే పనిలో కూర్చున్నాను. అచ్చు తీయడానికి నాన్న చేసి ఆరబెట్టిన మొదటి ఆంజనేయుణ్ణి తడిచేత్తో పట్టుకుని జారవిడిచాను. గద కొస ఊడింది. భయపడి చెప్పలేదు. నాన్న చూసుకోకుండా దాంతోనే అచ్చు తీశాడు. ఆవంలో కాలి వచ్చిన బొమ్మలన్నీ కొస లేని గదలతోనే వచ్చాయి.

నాన్న కొట్టలేదు. "పగిల్తే పగిలిందిలే తల్లీ. అప్పుడే నోరు విప్పి ఉంటే ఒక్కదాంతో పోయేది కదే," అన్నాడు.

బడిలోలాగా చెయ్యెత్తాను. ఆద్య నా చున్నీ లాగింది.

"మేడమ్... ఫస్ట్ డాల్, బ్రేక్," అంటూ బొటనవేలు అరచేతిలో నొక్కి చూపించాను. "దెన్ మౌల్డ్. సో, ఆల్ బ్రేక్."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. కరెక్టే, మీకెలా తెలుసు అంది.

"ఐ బ్రేక్," అన్నాను.

పిల్లలంతా నవ్వారు. ఆద్య నవ్వలేదు. నా బొటనవేలి వంక చూస్తోంది.

తిరుగు దారిలో బస్‌లో నా పక్కన చేరితే, ఆ గద ఎలా విరిగిందో చెప్పాను.

"తాతయ్య నిన్ను కొట్టాడా?"

"లేదే."

"మరి ఆ డాల్స్ త్రో చేసేశారా?"

"ఎందుకు పారేస్తాం? ఊళ్ళో ఇంకా ఎవరిళ్ళల్లోనో ఉండే ఉంటాయి."

నా బొటనవేలు పట్టుకుని అంది, "మనం ఒకటి చేద్దామా? బ్రోకెన్‌దే కావాలి."

ఇంట్లో ఉన్న ప్లే-డో, పిల్లలాడుకునే మట్టి, ఎండిపోయి ఏడాదైంది. అయినా సరేనన్నాను.