ఈశాన్యం మూల నుంచి

పన్నెండయ్యేలోగా మార్కులు ఇచ్చెయ్యాలి. గిరిజ కలం మాత్రం మూడో నంబరు కాగితం మీదే ఆగిపోయింది.

అమెరికాలో ప్లేనో ఊరి పక్కన కొత్త బడి కట్టాలి. ఎవరు తక్కువకి కడతామంటే వాళ్ల చేతిలో పెట్టే పద్ధతిని, అక్కడి బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఈసారి మానుకుంది. పాత బడి గోడలు బీటలిచ్చాక బుద్ధొచ్చింది. ఇప్పుడు కాంట్రాక్టర్లు పని ఎలా చేస్తారో, ఏ ముప్పును ఎలా ఆపుతారో రెండు పేజీల్లో రాసివ్వాలి. పేరుండకూడదు. చదివి మార్కులేసే ముగ్గురు ఇంజనీర్లలో గిరిజ ఒకతె. వాళ్లలో ఎవరికైనా అది ఎవరిదో తెలిస్తే, ఆ మనిషి తప్పుకోవాలి. మిగిలిన ఇద్దరి మార్కులే చెల్లుతాయి.

మూడో నంబరులో ఉంది: తడికి ఉబ్బే ఈ బంకమట్టిలో పునాది కాంక్రీటు ఈశాన్యం మూల నుంచి మొదలుపెడతాం. ఎందుకో రాయలేదు.

గిరిజకు అది ఎవరిదో తెలిసిపోయింది. ఆమె ఇల్లు కట్టిన రఘువీర్ అంకుల్ తప్ప ఇంకెవరూ అలా రాయరు. ఆయన మొదలుపెట్టేది వాస్తు కోసమే. కానీ మట్టి తడిసి ఉబ్బకుండా ముందుగా ఆ మూల నీళ్లు పోయే కాలవ తవ్విస్తాడు. ఆయన కట్టిన ఏ ఇల్లూ ఇంతవరకు బీట ఇవ్వలేదు. ఇళ్లే కట్టుకొచ్చిన ఆయనకు ఇది మొదటి సర్కారు పని. ఇది పోతే కంపెనీ మూతపడుతుంది.

పక్కనున్న ఇద్దరూ ఆ వాక్యం దగ్గర పెదవి విరిచారు. తను మంచి మార్కులేస్తే ఆయన గట్టెక్కుతాడు. తప్పుకుంటే మునుగుతాడు.

కాగితాలు తీసుకోడానికి ఆఫీసర్ చంద్రిక వచ్చింది. గిరిజ ఆమెను వరండాలోకి పిలిచింది.

"మూడో నంబరు ఎవరిదో నాకు తెలిసిపోయిందండీ."

"పేరెక్కడా లేదే. నేను విననట్టు ఊరుకోనా?"

"వద్దు, నేను తప్పుకున్నానని రాసుకోండి," అని గిరిజ లోపలికెళ్లి బ్యాగు తీసుకుంది.

వారం తిరిగేసరికి పని వేరేవాళ్లకు వెళ్లింది. ఆ సాయంత్రం రఘువీర్ ఆమె ఇంటి ముందు ట్రక్ ఆపి, దిగకుండానే అద్దం దించాడు.

"మార్కులేసిన ముగ్గురి పేర్లూ ఇవాళ బయటపెట్టారు. అందులో నువ్వున్నావు కదమ్మా?"

"తప్పుకున్నాను అంకుల్. ఆ మూల చూడగానే మీరేనని తెలిసింది. ఎందుకో ఒక్క ముక్క రాయాల్సింది."

"వాస్తు అంటే నవ్వుతారని ఊరుకున్నా."

"కాలవ సంగతన్నా రాయకపోయారా?"

"అది కూడా రాయాలా? పని తెలిసినవాడెవడైనా తవ్విస్తాడు కదా అనుకున్నా."

గిరిజ ట్రక్ దగ్గరికి ఒక అడుగు వేసింది. ఆయన అప్పటికే అద్దం ఎత్తేస్తున్నాడు.