ఒక్క ఒత్వం

గుర్రపుడెక్క కదలడం లేదు.

గట్టుకు ఆనుకుని, ఊదాపూలతో సహా, పరిచిన చాపలా పడి ఉంది. దాన్ని చూస్తే కింద నీళ్ళున్నాయనే అనిపించదు. అది కదలనంతసేపూ గట్టు ఉన్నట్టే. ఇందు మధ్యాహ్నం నుంచీ దాన్నే చూస్తోంది.

కొల్లేరు నిండింది. వాన వెలిసింది కానీ ఎగువ నీళ్ళు వస్తూనే ఉన్నాయి... వస్తూనే ఉన్నాయి.

గట్టుకు పైన ఊరు. కింద పేట.

గట్టు నిలిస్తే ఊరివాళ్ళ చేలు మునుగుతాయి. గట్టు తెగితే చేలు తేలతాయి, పేట మునుగుతుంది. ఊరికి పోయేది పంట. పేటకు పోయేది ప్రాణం.

ఇందుది పేట. ఏలూరు కాలేజీలో చరిత్ర చెబుతుంది. బస్సులు ఆగిపోయాక ఆ పాఠాలు కూడా గట్టెక్కాయి.

నిన్న చర్చి ముందు ఊరూ పేటా చేరి తలో మాటా అంటుంటే ఆమెకు హంగేరీ గుర్తొచ్చింది. ఎప్పుడో, స్వాతంత్ర్యం కోసం లేచిన దేశం. సైన్యం ఉంది. వంతెన వేసేవాళ్ళు లేరు, కోట నిలిపేవాళ్ళు లేరు. అప్పుడు నదులకు గట్లు వేసేవాళ్ళనూ, భూములు కొలిచేవాళ్ళనూ, వడ్రంగులనూ పోగేసి ఒక ఇంజనీరింగ్ దళం కట్టుకున్నారు — యుద్ధం నడుస్తుండగానే.

మనమూ కట్టుకుందాం, అంది.

"హంగేరీ అంటే హంగ్రీయేనా అండీ మేడంగారూ?" అన్నాడు బంగార్రాజు.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే దళం పుట్టింది.

దళమంటే ఏముంది... చేపల చెరువులకు గట్లు వేసే మనుషులు. ఒక జేసీబీ డ్రైవరు. తాటిదుంగలు కోసే వడ్రంగి. బస్తాల మూతులు కుట్టే టైలరు. సైన్యమన్నాక గుర్రాలేవండీ అని ఎవరో అడిగితే, ఇవిగో డెక్కలున్నాయిగా అని నీళ్ళ మీది గుర్రపుడెక్కను చూపించారు.

తూము దగ్గర కాపలాకు బంగార్రాజే ముందుకొచ్చాడు. ఊరివాడు. అతని వరి ఇప్పుడిప్పుడే పాలు పోసుకుంటోంది. మొదట గట్టు కొట్టేద్దామన్నదీ అతనే. పేట పిల్లల్ని చూసి తల దించుకుని, "వద్దులెండి" అన్నదీ అతనే.

పేటవాళ్ళు భీమడోలు వైపు పోదామని మూటలు కట్టారు. ఇందు ఆపింది. గట్టు నిలుస్తుంది, ఉండండి అంది.

ఉన్నారు. ఆమె మాట మీదే ఉన్నారు.

మేనత్త మణెమ్మ ఇసుక బస్తా మీద కూర్చుని అడిగింది. "ఇంతకీ ఆ హంగేరీ వాళ్ళు గెలిచారా అమ్మా?"

ఇందు వినపడనట్టు బస్తాలు సర్దింది.

గెలవలేదు. దళం బాగానే పనిచేసింది. యుద్ధం మాత్రం ఓడిపోయారు.

పొద్దు వాలుతుండగా గాలి లేచింది. ఫోను మోగింది. బంగార్రాజు.

"మేడంగారూ... తూము పక్కన గట్టు కారుతోందండీ. ఏం చేయమంటారు?"

"కట్టండి. వెంటనే కట్టండి బంగార్రాజుగారూ."

గాలి. మాట ముక్కలై వచ్చింది.

"...ట్టేయమంటారా అండీ?"

"అవునండీ. అవును. త్వరగా."

"సరేనండీ... మీరన్నారు కాబట్టి."

ఫోను ఆగిపోయింది.

హమ్మయ్య అనుకుంది. బస్తా ఎత్తబోయింది. చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

కట్టేయమంటారా... కొట్టేయమంటారా...

గండి కట్టడం. గట్టు కొట్టడం. మధ్యన ఒక్క ఒత్వం.

కట్టడానికైతే మీరన్నారు కాబట్టి అనడం దేనికి? అతను మర్యాదస్తుడు. మంచినీళ్ళు తాగమన్నా మీరన్నారు కాబట్టి అనే తాగుతాడు. ఇక్కడి మాటతీరే అంత. కానీ చేను మునుగుతున్నవాడి చెవి ఏం విని ఉంటుంది? పేటలో మనుషులున్న తన చెవి ఏం విన్నది? ఎవరికి కావలసింది వాళ్ళకు వినిపించి ఉంటే...

మళ్ళీ ఫోను చేసింది. అందుబాటులో లేరు. మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు.

భయం వేసింది.

"అత్తా, అందర్నీ చర్చి డాబా ఎక్కించు."

"గట్టు నిలుస్తుందన్నావు కదమ్మా."

"ఎక్కించత్తా."

మణెమ్మ హంగేరీ సంగతి ఇప్పుడు తెలిసినట్టు ఇందు మొహంలోకి ఒకసారి చూసి, కొంగు బిగించి పేట వైపు నడిచింది.

ఇందు తూము వైపు పరుగెత్తింది. బురద. చెప్పులు ఎక్కడో ఉండిపోయాయి. గట్టు ఎంతకీ తరగదు.

దూరంగా జేసీబీ కనిపించింది. దాని చెయ్యి లేచింది... దిగింది. మళ్ళీ లేచింది. మట్టి పోస్తోందా, తీస్తోందా — ఇంత దూరం నుంచి రెండూ ఒకలాగే ఉంటాయి.

"కట్టండి" అని అరిచింది.

గాలి ఎదురు. ఆ మాట అక్కడికి ఏ మాటై చేరుతుందోనని భయపడి నోరు మూసుకుంది.

చేతులు ఊపింది. రెండు చేతులూ ఎత్తి, ఆపండి అన్నట్టు, వద్దన్నట్టు...

అక్కడ గట్టు మీద ఒక మనిషి ఆగాడు. తనూ చెయ్యెత్తి ఊపాడు. అలాగేనండీ అన్నట్టు.

జేసీబీ చెయ్యి మళ్ళీ దిగింది.

ఇందు నీళ్ళ వైపు చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది.

గుర్రపుడెక్క మీద ఒక ఊదాపువ్వు కదిలింది.

గాలికేనా...