రాళ్లవాన పెట్టిన గుంట

నేను ఒక రాగి గంగాళాన్ని. ఇద్దరు పిల్లలు నాలో కూర్చుని నీళ్లాట ఆడుకోవచ్చు. మా ఓదెలు లెక్కలో అయితే నలుగురు పడతారు, పక్కన ఒక మేకపిల్ల కూడా. లెక్కల దగ్గర ఓదెలును నమ్మకండి. నా వీపు మీది గుంట దగ్గర మాత్రం నమ్మండి. నేను చెప్పబోయేది ఆ గుంట సంగతే.

నన్ను చేసింది కంచరి లక్ష్మీరాజం. చేసింది అంటే కొట్టింది అని అర్థం. చిన్న సుత్తె పట్టుకుని, పాట పాడుకుంటూ, ఒళ్లంతా ఎక్కడా ఖాళీ వదలకుండా కొట్టాడు. ఆ దెబ్బలు చూసి జనం ఎంత పనితనం అని మురిసిపోయారు. తరవాత ఆకాశం ఒకే ఒక్క దెబ్బ కొడితే దాన్ని సొట్ట అన్నారు. మనుషుల మెప్పుకు నేను పెద్దగా పొంగిపోకపోవడం ఆనాటి నుంచే.

పసుపు బాగా పండిన ఏడు తుమ్మెనపల్లె నర్సవ్వ నన్ను ఇంటికి తెచ్చుకుంది. ఆమె కొడుకే ఓదెలు. అప్పటికి లాగు జారిపోతుంటే మొలతాడుకు దోపుకుని బడికి పోయే వయసు. నర్సవ్వ నన్ను చింతపండుతో తోమి వాకిట్లో బోర్లించేది. ఎండకు నా వీపు ఎంత మెరిసేదంటే పై నుంచి పోయే కొంగలు దారి తప్పేవి. ఇది ఓదెలు మాట కాదు, నా మాటే. ఇన్నేళ్లు అతనితో ఉన్నాక ఆ మాత్రం అబ్బకుండా ఉంటుందా?

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం నేను అలాగే బోర్లా పడుకుని ఉన్నాను. ఉత్తరాన మబ్బు లేచింది. మాడిన పెనం రంగు మబ్బు. గాలి ఒక్కసారి ఆగిపోయింది. కోళ్లు గంప కిందికి దూరాయి. తరవాత రాళ్లవాన మొదలైంది, వడగళ్లు. ముందు శనగ గింజలంత, ఆ వెనక రేగుపళ్లంత, ఆ వెనక ఎంతంత అని చూసేందుకు వాకిట్లో ఎవరూ మిగలలేదు, నేను తప్ప.

మా వైపు ఒక ఆచారం ఉంది. రాళ్లవాన పడితే ఇంటి ఆడమనిషి రోకలి తెచ్చి వాకిట్లోకి విసురుతుంది. రోకలిని చూసి రాళ్లు జడుసుకుని ఆగుతాయట. నర్సవ్వ రోకలి కోసం లోపలికి వెళ్లింది. ఆమె రోకలితో గడప దాకా వచ్చి, ఇంకా దాటకముందే, వినండి, దాటకముందే, ఒక రాయి వచ్చి నా వీపు మీద పడింది. ఠంగుమని మోగాను. ఆ మోత పక్క ఊరికి వినిపించిందని ఓదెలు అంటాడు. వాడకట్టు దాటిందని మాత్రం నేను చెప్పగలను. అంతకు మించి నాకు తెలియదు, నా చెవులే గింగిర్లెత్తుతున్నాయి.

అప్పుడు వచ్చింది రోకలి. నా పక్కనే పడింది, నన్ను తాకనైనా లేదు. వాన ఆగింది.

ఓదెలు ఉరికొచ్చి నా గుంటలో ఉన్న రాయిని పిడికిట్లో పట్టుకున్నాడు. స్నేహితుడు భూంరెడ్డికి చూపించకపోతే ఆ రాయి పడీ పడనట్టే. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికి, రొప్పుతూ పిడికిలి విప్పాడు. అరచేతిలో నీళ్లు కూడా సరిగా మిగల్లేదు.

"చెయ్యి కడుక్కొచ్చినవా?" అన్నాడు భూంరెడ్డి.

ఆ ఒక్క మాట ఓదెలు గుండెలో పడ్డ గుంట. నాది రాగి, నొప్పి తెలియలేదు. అతనికి జీవితమంతా నొప్పే.

అప్పటి నుంచి ఓదెలు ఆ రాయి ముచ్చట చెబుతూనే ఉన్నాడు. రాయి కరిగింది ఒక్కసారే గానీ పెరిగింది మాత్రం ఏటేటా. పెళ్లినాటికి నిమ్మకాయంత ఉండేది. కొడుకు పుట్టేసరికి వెలగపండంత అయింది. తల నెరిసేసరికి కొబ్బరికాయ దాకా వచ్చి, పీచు ఒక్కటే తక్కువ అన్నట్టుండేది. నిజానికి అది నిమ్మకాయంతే. నా వీపు కొలత నాకు తెలియదా?

ఓదెలు ఈడువాళ్లకు వయసు మళ్లాక ఊళ్లో వాళ్ల జమాతు ఒకటి తయారైంది. పొద్దున్నే బస్టాండు దగ్గర సాయిలు చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుని, గడిచిపోయిన వానలను, గాలిదుమారాలను, ఎండలను తలుచుకునేవాళ్లు. సాయిలు ఒకప్పుడు లారీ డ్రైవరు. ఆపిల్ పళ్ల కోసం కశ్మీరం పోయి మంచుతుఫానులో చిక్కుకున్నవాడు. లారీ ముందరి అద్దం మీద మంచు దూది ఏకినట్టు పడుతుంటే, పొద్దు పొడిచేసరికి లారీ ఎక్కడుందో తానే వెతుక్కున్నాడట. "మంచు చప్పుడు చెయ్యకుంట వస్తది. మన రాళ్లు చెప్పి మరీ వస్తయి" అనేవాడు. అతని దగ్గర ఆ లారీ ముందు మంచులో నిలబడి దిగిన ఫోటో ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఎందుకంటే ఆ బెంచీకి ఒక కట్టుబాటు ఉంది. సాక్ష్యం లేని వాన ముచ్చట చెప్పకూడదు. చెబితే చాయ్ ఇవ్వరు. ఓదెలుకు సాక్ష్యం నర్సవ్వ. ఆమె కాలం చేశాక భూంరెడ్డి గొంతు సవరించుకున్నాడు. ఆ గుంట రాయి పెట్టింది కాదు, మీ అమ్మ విసిరిన రోకలి పెట్టింది అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. ఓదెలు ముందుకు గ్లాసు రాలేదు. ఆ రోజు నుంచి అతడు హోటలుకు పోవడం మానేశాడు. పొద్దున లేచి నా పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. మనిషి అబద్ధాలకోరు అనిపించుకుని బతకగలడు. వెయ్యి కోతలు కోసినవాడికి, తాను చెప్పిన ఒక్క నిజాన్ని కోత అంటేనే బతకడం కష్టం.

కోడలు జమున మంచిదే. కాకపోతే నేను ఆమె కాలికి తగులుతున్నాను. గీజరు వచ్చిన ఇంట్లో గంగాళానికి పనేముంది? పాత రాగి, పాత ఇత్తడి తీసుకుని స్టీలు సామాన్లిచ్చే బండి వారం వారం మైకులో అరుచుకుంటూ వస్తోంది. ఆ గుంట మా అమ్మ కళ్ల ముందు పడ్డది, దాన్ని ఇచ్చెయ్యను అనేవాడు ఓదెలు. "ఊరంత రోకలిదే అంటున్నరు గద మామా" అంది జమున ఒకరోజు, మెల్లగానే. అది ఇంకా గట్టిగా తగిలింది. ఓదెలు తువ్వాల భుజాన వేసుకుని చాలా రోజులకు హోటలుకు పోయాడు. భూంరెడ్డీ, నువ్వే వచ్చి ఆ రోకలి విసురు. అట్లాంటి గుంటే పడితే నా నోరు మూసుకుంటా, గంగాళం బండికెక్కిస్తా అన్నాడు.

కోపంలో అన్నాడు గానీ, ఇంటికి వచ్చి నన్ను చూశాక అతని మొహం రంగు మారింది. రాగి మెత్తన. భూంరెడ్డి చెట్టంత మనిషి. గుంట పడకుండా ఎందుకుంటుంది?

ఆ సాయంత్రం జమాతంతా మా వాకిటికి వచ్చింది, చాయ్ పళ్లెంతో సాయిలు కూడా. నన్ను పాతచోటనే బోర్లించారు. గేటు బయట స్టీలు సామాన్ల బండి ఆగి ఉంది. మైకు మాత్రం కట్టేశారు, మర్యాద తెలిసినవాళ్లు. ఓదెలు వంగి నా గుంటలో చెయ్యి పెట్టి ఒకసారి తడిమాడు. భూంరెడ్డి రోకలి ఎత్తి బరువు చూసుకున్నాడు.

వెంటనే విసిరి ఉంటే నా కథ ఏ కొలిమిలోనో ముగిసేది. కానీ ఆ బెంచీ మీద కూర్చున్నవాడెవడూ ముచ్చట చెప్పకుండా చెయ్యి లేపడు. రోకలి భుజాన పెట్టుకుని భూంరెడ్డి మొదలుపెట్టాడు. తన తాత కాలం నాటి గాలిదుమారం దగ్గర ఎత్తుకున్నాడు. అది పెంకుటిల్లు కూల్చి, చెరువుకట్ట ఎక్కి, కట్ట దిగేలోపల ఉత్తరాన మాడిన పెనం రంగు మబ్బు లేచింది. ఎవరూ చూడలేదు. వానల గురించి మాట్లాడేవాళ్లకు మబ్బును చూసే తీరిక ఉండదు.

గాలి ఆగింది. నాకు తెలిసిపోయింది.

మొదటి రాళ్లు పడగానే అందరూ అరుగు మీదికి ఎక్కారు, రోకలితో సహా భూంరెడ్డి కూడా. అతడు పరీక్ష సంగతి మరిచిపోయాడు. కాపుకొచ్చిన తన మామిడితోట కళ్ల ముందు మెదిలింది. రోకలిని తల పైకి ఎత్తాడు, నన్ను కొట్టడానికి కాదు, వానను ఆపడానికి. ఓదెలు ఒక్క దూకున వెళ్లి రోకలి రెండో కొస పట్టుకున్నాడు.

"ఇడువు ఓదెలూ, ఇసరనియ్యి. తోట పోతది."

"రాగికి గుంట పెట్టలేని రాయి నీ మామిడి తొడిమెనేం తెంపుతది రెడ్డీ? జర ఆగు."

అరుగు మీద గుంజులాట. చెట్టంత మనిషి ముందు ఓదెలు ఎంత? కాళ్లు జారుతున్నాయి. రోకలి వాకిటివైపు వంగింది. అప్పుడు జమున వచ్చింది. ఇంటి కోడలిగా రోకలి విసరాల్సింది ఆమే. ఆమె కొంగు నడుముకు చుట్టి మామ వెనక నిలబడి రోకలి పట్టుకుంది, వెనక్కి లాగింది. నన్ను బండికి ఎక్కించాలని చూసిన చేతులే అవి.

రేగుపళ్లంత రాళ్లు నిమ్మకాయలంత అయ్యాయి. బండివాడు ముందరి అద్దం పగలగొట్టించుకుని, గేరు మార్చుకుంటూ, మళ్లీ ఈ ఊరు మొహం చూడనన్నట్టు వెళ్లిపోయాడు.

అప్పుడు పడింది. పాత గుంటకు జానెడు దూరాన, ఠంగుమని, ఇంటి పెంకులు కదిలేటట్టు మోగాను. వాడకట్టు దాటిందో లేదో నాకు అనవసరం. వినాల్సినవాళ్లు అరుగు మీదే ఉన్నారు.

సాయిలు చాయ్ పళ్లెం నెత్తి మీద పెట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. రాయి తన గుంటలో గూట్లో గుడ్డులా కూర్చుని ఉంది. దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు. ఓదెలు మాత్రం, ఇంకా రోకలి వదలకుండానే, చిన్నప్పటి స్నేహితుడి మొహంలోకి చూశాడు.

"రెడ్డీ, రోకలి ఏడున్నది?"

భూంరెడ్డి తన చేతులను చూసుకున్నాడు. "నా చేతుల్నే ఉన్నది" అన్నాడు.

"ఇగ ఇసురు."

విసిరాడు. వాన ఆగింది. తోటలో కాయలు కొన్ని రాలాయి, ఎక్కువ నిలిచాయి. ఆ ఘనత రోకలిదేనని భూంరెడ్డి ఇప్పటికీ అంటాడు. అననివ్వండి.

అసలు పండగ ఆ తరవాత. సాయిలు చేతిలోని రాయిని భూంరెడ్డి లాక్కున్నాడు. భార్యకు చూపించకపోతే అది పడీ పడనట్టే కదా. అంత మనిషి, పంచె ఎగ్గట్టుకుని ఊరి ఆ కొస దాకా ఉరికాడు. కాసేపటికి తడి చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. ఏమైందో అతడే చెప్పాడు, కింద చూస్తూ. ఇల్లాలు అతని చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, చెయ్యి కడుక్కొచ్చినవా అని అడిగిందట.

ఓదెలు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నడు, నేనొచ్చి చెప్త" అన్నాడు. ఇద్దరూ రాళ్లు తొక్కుకుంటూ కలిసి వెళ్లారు. ఆ ఇంట్లో ఓదెలు ఆ రాయిని ఎంత చేసి చెప్పాడో నేను చూడలేదు. కొబ్బరికాయకు తగ్గించి ఉండడు.

ఇప్పుడు జమాతు మా వాకిట్లోనే. నన్ను నడుమ బోర్లించి చాయ్ గ్లాసులు నా వీపు మీదే పెడతారు. వాలు మీద మిగతా గ్లాసులు జారుతాయి, చేత్తో పట్టుకోవాలి. రెండు గ్లాసులు మాత్రం కదలవు. పాత గుంటలో ఓదెలుది, కొత్త గుంటలో భూంరెడ్డిది. తన గుంటే లోతని భూంరెడ్డి వాదన. అతని రాయి అప్పుడే బత్తాయి దాటి బొప్పాయి వైపు పోతోంది.

ఇక జమున సంగతి. ఉత్తరాన మబ్బు లేస్తే ఇప్పుడు ఆమే ముందు చూస్తుంది. నన్ను తానే దొర్లించుకొచ్చి వాకిట్లో బోర్లిస్తుంది. ఆ తరవాత రోకలిని లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేసేస్తుంది.