తువ్వాలు చాటున కారు బేరం

నేను ఒక తువ్వాలును. స్నానాల గదుల్లో వేలాడే మెత్తటి రకాన్ని కాదు, మగ్గం మీద నేసిన ముతక నూలు తువ్వాలును. ఎర్ర గళ్ళు, పక్కన పచ్చ అంచు. చూడ్డానికి అమాయకంగానే ఉంటాను గానీ, నా కింద జరిగిన బేరాలన్నీ బయటపెడితే మా చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది బావాబావమరుదులు ఒకరి గడప ఒకరు తొక్కరు. అందుకే ఇన్నాళ్ళూ కిమ్మనకుండా ఉన్నాను. ఇవాళ మాత్రం ఒక్క బేరం సంగతి చెబుతాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేనైతే ఎవర్నీ నమ్మను.

నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. నన్ను నేసినాయన నేస్తున్నంతసేపూ నూలు అమ్మినవాణ్ని తిడుతూనే ఉన్నాడు, తూకంలో దెబ్బకొట్టాడని. ఆయన దగ్గర నన్ను కొన్న కొట్టువాడు ఆయన్ని దెబ్బకొట్టాడు. ఆ కొట్టుకు ఒకనాడు తాతారావు వచ్చాడు. నన్ను వెలుతురుకెత్తి చూశాడు, లాగి చూశాడు, వాసన చూశాడు. రంగు దిగదని కొట్టువాడు పిల్లల మీద ఒట్టేస్తుంటే, ఆ ఒట్టు వింటూనే నా కొసను ఉమ్మితో తడిపి తన తెల్లచొక్కా మీద రుద్దుకున్నాడు. రంగు దిగలేదు. అయినా దిగిందన్నట్టే మొహం పెట్టి, ధర సగానికి దించాడు. "ఇందులో నాకేం మిగల్లేదండీ" అని కొట్టువాడు ఏడుపుమొహం పెట్టాడు. మేం వీధి మలుపు తిరిగాక వెనక్కి చూస్తే వాడు నవ్వుతున్నాడు. ఆ రోజు మోసపోయింది ఎవరో నాకిప్పటికీ తెలియదు.

తాతారావు పశువుల సంతలో బేరగాడు. గోదావరి గట్టున మా సంతలో ఎద్దు ధర ఎవరూ నోటితో చెప్పరు. చెబితే పక్కవాడు వింటాడు, వింటే చెడగొడతాడు. అందుకని బేరగాడు తన తువ్వాలు తీసి చేతి మీద కప్పుతాడు. అమ్మేవాడు దాని కిందికి చెయ్యి పెడతాడు. ఒక వేలు పట్టుకుంటే ఇంత, రెండు పట్టుకుంటే అంత. పైన మొహాల్లో ఏమీ ఉండదు, నవ్వుతూ వానల గురించి మాట్లాడుకుంటారు. కింద మాత్రం వేళ్ళు కొట్టుకు చస్తుంటాయి. అమ్మేవాడితో అయ్యాక, కొనేవాడి చెయ్యి లోపలికి వస్తుంది. ఆ చేతికీ ఈ చేతికీ తాతారావు ఒకే ధర చెప్పిన రోజు నాకు గుర్తు లేదు. మధ్యలో ఒక వేలు ఎప్పుడూ తాతారావుదే. అలాగని ఆయన అబద్ధమాడాడని అనకూడదు. నోటితో ఏమీ అనలేదు కదా!

ఆయన భార్య నూకరత్నం మాత్రం వేళ్ళతో బతికే మనిషి కాదు, భుజాలతో బతికే మనిషి. పెళ్ళిళ్ళకు సారె చేస్తుంది. మినపసున్ని, లడ్డూలు, కాజాలు, అరిసెలు. గంగాళాల్లో తిప్పి, బుట్టలకెత్తి, రంగుకాగితం చుట్టి పెళ్ళివారింటికి తనే తీసుకెళ్ళి దించుతుంది. ఆ తీసుకెళ్ళడంలోనే వచ్చింది చిక్కంతా. పోయిన మాఘమాసంలో ఆటో ఒక గోతిలో పడి కాజాల బుట్టలు రెండు పొడుంపొడుం అయిపోయాయి. పెళ్ళికూతురి మేనత్త ఆ పొడిని చేత్తో తీసి నలుగురికీ చూపించి, "సారె తెచ్చావా, విభూది తెచ్చావా?" అంది. నూకరత్నం ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి డ్రైవింగు నేర్పే బడిలో చేరింది.

ఇలా కారు సంగతి వచ్చింది. పొట్టి ముక్కు, ఎత్తు కప్పు, వెనక తలుపు పైకి లేచేది. వెనక సీటు మడిస్తే బుట్టలు నిలువునా నిలబడతాయి. అలాంటి కారు కావాలంది. డబ్బు పూర్తిగా ఆమెదే. పొయ్యి దగ్గర సంపాదించింది.

మరి బేరమో? ఆ జిల్లాలో తాతారావుని మించిన బేరగాడు లేడు. ఆమెకు తెలుసు. తాతారావు ఎలాంటివాడో కూడా ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట ఆమె కోసం కొన్న గేదె బేరంలో కూడా మధ్యలో ఒక వేలు తనే ఉంచుకున్నాడు. ఆమెకది ఎలా తెలిసిందో ఆయనకు అంతు చిక్కలేదు. షోరూముకు బయల్దేరే ముందు గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పింది.

"ఇదిగో, ఇప్పుడే చెబుతున్నాను. ఈ కారులో కూడా చెయ్యి పెట్టారంటే ఇదే ఇంట్లో వేరు కుంపటి పెడతాను. మీ అన్నం మీరు వండుకోండి, నా అన్నం నేను వండుకుంటాను. తర్వాత చెప్పలేదనకండి."

"ఓసి నీ అనుమానం తగలెయ్యా! కట్టుకున్న పెళ్ళాం దగ్గర చేస్తానా?" అన్నాడు తాతారావు.

"గేదెనప్పుడు కూడా నేను పెళ్ళాన్నే."

ఆయన నన్ను భుజం మీద సర్దుకున్నాడు.

షోరూము లోపల చలి. నేలమీద మొహం కనిపిస్తోంది. హేమంత్ అనే కుర్రాడు టై కట్టుకుని ఎదురొచ్చాడు. కొనకముందే "కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు. నాకు అక్కడే ఒళ్ళు మండింది. ముందే అభినందించేవాడు ఎంత గుంజాలో ముందే లెక్కేసుకున్నవాడు. చల్లటి డ్రింకులు తెప్పించాడు. తాతారావు ముట్టుకోలేదు, "తాగితే మొహమాటమొస్తాదండి" అన్నాడు. నూకరత్నం తాగింది. ఆమెకు మొహమాటం లేదు.

కారు చుట్టూ తాతారావు ఎద్దు చుట్టూ తిరిగినట్టే తిరిగాడు. టైరును బొటనవేలితో నొక్కాడు. వెనక తలుపు ఎత్తించి, అడుగున ఉన్న రేకు తీయించి, లోపల వేలు పెట్టి బయటికి తీశాడు. వేలినిండా దుమ్ము.

"బాబూ, ఇది ఎప్పుడు పుట్టిందీ?"

"ఫ్రెష్ పీస్ సర్. కొత్తది."

"కొత్తదే లేవయ్యా. ఎప్పట్నుంచి కట్టేసి ఉందీ అని అడుగుతున్నాను."

హేమంత్ నవ్వాడు. తాతారావు నవ్వలేదు. వయసు తేల్చే పళ్ళు చూపించని ఎద్దును ఆయన ఏనాడూ కొనలేదు. తయారైన నెల ఎక్కడో రాసి ఉండాలి, అది చూపిస్తేగానీ కదలనని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చివరికి హేమంత్ తలుపు చట్రం దగ్గర అంటించిన చీటీ చూపించాడు. బండి పోయినేడు పుట్టింది. ఎండల్లో, వానల్లో యార్డులో నిలబడి ఉంది.

"ముసిలిదాన్ని కన్నెపిల్లని చెబుతున్నావా అబ్బాయ్!" అన్నాడు తాతారావు, మొదటిసారి హుషారుగా.

అప్పుడు లెక్కల కాగితం వచ్చింది. బండి ధర ఒకటి. దాని కింద ఇన్సూరెన్సు, దాని కింద హ్యాండ్లింగు చార్జీలు, దాని కింద మ్యాట్లు, సీటు కవర్లు, ఇంకేదో పాలిషు. నూకరత్నం వేలుపెట్టి ఒక్కొక్కటీ అడిగింది.

"ఈ హ్యాండ్లింగంటే ఏంటి బాబూ?"

"బండిని యార్డు నుంచి ఇక్కడికి తేవడం మేడమ్."

"మీ బండిని మీ కొట్టుకు మీరు తెచ్చుకుంటే నేనెందుకివ్వాలి? నేను నా పొయ్యి దగ్గర్నుంచి అరుగు మీదికి లడ్డూలు తెచ్చినందుకు పెళ్ళివారిని డబ్బులడుగుతానా?"

అది కొట్టేశారు. సీటు కవర్లూ కొట్టేశారు, వెనక సీటు ఎప్పుడూ మడిచే ఉంటుంది గనక. బండి ధర దగ్గరికి వచ్చేసరికి హేమంత్ మొహం దిగులుగా పెట్టి, మేనేజరు గారిని అడిగి వస్తానని అద్దాల గదిలోకి వెళ్ళాడు. నేను తాతారావు భుజం మీంచి చూస్తూనే ఉన్నాను. ఆ గదిలో కుర్చీ ఖాళీ. కుర్రాడు నీళ్ళు తాగాడు, ఫోను చూసుకున్నాడు, జుట్టు సవరించుకున్నాడు, తిరిగొచ్చాడు.

"సార్ చాలా కోప్పడ్డారు సర్. పదివేలు మించి తగ్గించొద్దన్నారు. అదీ ఇవాళ్టికే."

తాతారావు జాలిగా తలూపాడు. సంతలో అన్నను అడిగొస్తానని చెట్టు చాటుకు వెళ్ళి చుట్ట కాల్చుకొచ్చేవాళ్ళను ఆయన ఎందర్ని చూడలేదు! మెల్లగా నన్ను భుజం మీంచి తీశాడు.

"ఏదీ, చెయ్యిలా ఇయ్యి బాబూ."

హేమంత్ చెయ్యి చాపాడు, జాతకం చెబుతాడనుకున్నాడేమో! నేను ఇద్దరి చేతుల మీదా పరుచుకున్నాను. తాతారావు నెమ్మదిగా చెప్పాడు, వేలికి పదివేలు అని, పట్టుకున్నన్ని వేళ్ళు తగ్గింపు అని. మొదట కుర్రాడు సిగ్గుపడ్డాడు. తాతారావు అయిదు వేళ్ళూ గుప్పిట పట్టేసరికి సిగ్గు వదిలి గింజుకున్నాడు. రెండు చూపించాడు. తాతారావు విదిలించాడు. పైన మాత్రం తాతారావు, "ఈ ఏడు మామిడి కాపెలా ఉందో" అంటున్నాడు, కుర్రాడు "పర్లేదు సర్" అంటున్నాడు. అరచెయ్యి చెమటకు నేను తడిసిపోయాను. మూడు. మళ్ళీ విదిలింపు. చివరికి హేమంత్ చెయ్యి నాలుగు వేళ్ళ దగ్గర ఆగింది. నెలాఖరు, అమ్మాల్సిన బండ్లు మిగిలిపోయాయి, పైగా ఇది పోయినేటిది. నలభై వేలు ఇవ్వగలడు.

కానీ చూడండి, కుర్రాడు ఎంత తొందరగా నేర్చుకున్నాడో! మూడు వేళ్ళు కలిపి పట్టుకుని నూకరత్నం వైపు కళ్ళతో చూపించాడు. నాలుగో వేలును విడిగా పట్టుకుని తాతారావు అరచేతిలోకే మడిచాడు. ముప్పై ఆమెకు, పది నీకు అని. కాగితం మీద ముప్పయ్యే తగ్గుతుంది. తక్కిన పదీ బయట పార్కింగు దగ్గర చేతికి వస్తుంది, పార్టీని తెచ్చినందుకు.

తాతారావు చెయ్యి ఒప్పుకోలేదు. విడిపించుకోనూ లేదు. అలాంటి చెయ్యి ఆఖరికి ఏంచేస్తుందో నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. గేదె పోతే పోయింది, ఇది ఆమె పొయ్యి సెగలో మాడి కూడబెట్టిన సొమ్ము కదా!

"అబ్బాయ్, నువ్వు చెయ్యి తియ్యి" అంది నూకరత్నం లేచి.

హేమంత్ గబుక్కున తీశాడు. ఆమె చెయ్యి నా కిందికి వచ్చింది. గాజులు, నూనె కాలిన మచ్చలు, బెల్లం పాకం పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు. ఇన్నేళ్ళలో నా కిందికి ఆడమనిషి చెయ్యి రావడం అదే మొదలు.

"ఎంత తగ్గించాడు?"

"ముప్..." అని నోరు తెరిచాడు తాతారావు.

"నోటితో వద్దు. చేత్తో చెప్పండి."

"నీకేం తెలుసే ఈ లెక్క?"

"పెళ్ళైన కాణ్ణుంచీ నిద్దట్లో నా చెయ్యి పట్టుకుని బేరాలు చేస్తూనే ఉన్నారు. ఎంతకు కొన్నారో, ఎంతకు చెప్పారో, ఎంత మిగిలిందో అన్నీ నా వేళ్ళమీదే. గేదె సంగతి మరి ఎలా తెలిసిందనుకున్నారు?"

హేమంత్ టై సవరించుకుంటూ పైకప్పు వైపు చూశాడు.

తాతారావు ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు. తర్వాత మధ్యవేలు. తర్వాత ఉంగరపు వేలు. అక్కడ ఆగాడు. బయట ఎవరో కొత్త కారు ముందు కొబ్బరికాయ కొట్టారు, ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె చెయ్యి కదలలేదు. తొందరపెట్టలేదు, లాక్కోలేదు, మొహంలోకి కూడా చూడలేదు. దేవుడా, ఇంక చాలు, ఏదో ఒకటి చెయ్యవయ్యా అనుకున్నాను. అప్పుడు ఆమె చిటికెన వేలు కూడా ఆయన గుప్పిట్లోకి వచ్చింది.

ఆమె కాసేపు చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత తీసి, "నలభై. కాగితం మీద రాయి బాబూ" అంది.

"మేడమ్, అంటే... ఒకసారి మేనేజరు గారిని..."

"ఆ గదిలో ఎవరూ లేరు. నేనూ చూశాను."

హేమంత్ రాశాడు. సంతకాలయ్యాక నూకరత్నం సంచీలోంచి ఐదువందల నోటు తీసి బల్ల మీద, తాతారావు ముందు, అందరికీ కనబడేలా పెట్టింది.

"ఇది మీ కమీషను. పైనే తీసుకోండి."

తాతారావు నోటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఇంకో వంద వెయ్యొచ్చు కదే" అన్నాడు మెల్లగా.

"బేరం లేదు" అంది ఆమె. ఆయన తీసుకున్నాడు.

ఇప్పుడు నేను కారులోనే ఉంటున్నాను, వెనక మడిచిన సీటు మీద, కాజాల బుట్టల కింద. ఒళ్ళంతా నెయ్యి వాసన. నూకరత్నం నడుపుతుంది, పెద్ద పెళ్ళిళ్ళకు తాతారావు కూడా వచ్చి పక్కన కూర్చుంటాడు. ఎవరైనా బండి ఎంతకొచ్చిందని అడిగితే ఆమె గర్వంగా చెబుతుంది, "మా ఆయన బేరమండీ, ఒక్క చేత్తో నలభై వేలు దించాడు" అని. అలా చెప్పినప్పుడల్లా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. మూడో వేలి దగ్గర ఆయన ఎంతసేపు ఆగాడో నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, ఆయనతో కూడా.