పాలలో కలిపిన గోళి

బొంగులూరు దిక్కు ప్లాట్లు పడ్డప్పటి నుంచి ఇబ్రహీంపట్నంలో బర్రెలు అమ్ముకోనివాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రేణుకమ్మ అమ్మలేదు. మొండిది. కానీ ఆమె బర్రెకు పుట్టిన రెండు దుడ్డెలూ పారుడు పట్టి, విరేచనాలు ఆగక చచ్చిపోయాయి. ఇప్పుడు మూడోది, పన్నెండు రోజుల పసిది, అదే దారి పట్టింది. ఇదీ పోతే బర్రెను అమ్మేస్తానని పెనిమిటి మల్లేశయ్య ఖరాఖండిగా చెప్పేశాడు.

పశువుల దవాఖానలో ఇచ్చిన గోళీలు రెండు రోజులు తాగించింది. గుణం ఇసుమంతైనా లేదు. డాక్టరు లీదియా స్కూటీ దిగీ దిగకముందే రేణుకమ్మ ఎగిరిపడింది.

“డాక్టరమ్మా, నువ్విచ్చింది మందా, మన్నా?”

లీదియా దుడ్డె కనురెప్ప తెరిచి చూసింది. “ఎట్ల తాపుతున్నవ్ అక్కా?”

“ఎట్లేంది? చేదుంటదని పాలల్ల కలిపి తాపుతున్న. పసిదానికి ఉత్త నీళ్లల్ల పోస్తరా ఎవరన్న?”

“గక్కడనే మునిగినవ్! పాలల్ల సున్నం ఉంటది. గీ మందును పట్టుకుంటె ఇడ్వది. మందు రక్తంలకు ఎక్కకుంటనే పేడల పడిపోతది.”

లీదియా అప్పటికప్పుడే గోళి నూరి నీళ్లలో కలిపి తాగించింది. రెండు గంటలు తల్లి దగ్గరికి పోనీయొద్దంది. బర్రె అటు, దుడ్డె ఇటు అరుస్తుంటే మధ్యలో రేణుకమ్మ ప్రాణం ఉసూరుమంది.

“ఇంకోటి ఏద్దమా? జల్ది లేస్తది.”

“అస్సలొద్దు! దాని కిడ్నీలు ఇంక లేతగున్నయి. ఎక్కిన మందు పెద్ద బర్రెల లెక్క జల్ది బయటికి పోదు. రేపు పొద్దుగాలనే ఇంకోటి. నడుమల ఉప్పు, చక్కెర నీళ్లు తాపు.”

మూడో నాడు పొద్దున ఆదిభట్ల కంపెనీ బస్సు పోయే వేళకు దుడ్డె లేచింది. లేవడమేమిటి, తాడు గుంజుకొని పోయి తల్లి పొదుగును ఎడాపెడా గుద్దింది! రేణుకమ్మ పట్టరాని సంతోషంతో కేక పెట్టింది.

“ఇగో, సూడు! ఇప్పుడమ్ము, సూస్త!”

మల్లేశయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకొనే నవ్వేశాడు.

ఆ నవ్వు చూస్తుండగానే ఆమెకు తట్టింది. పోయిన రెండింటికీ గోళీలు పాలలోనే కలిపి తాగించింది, తన చేతులారా. అంతేనా? వాడకట్టులో ఎవరడిగినా అదే చెప్పింది. వెనక గల్లీ మారెమ్మకు చెప్పి నాలుగు రోజులే అయింది. వాళ్ల దుడ్డెకూ పారుడే.

చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికింది.

“మారెమ్మా! పాలల్ల కలపకే! నేను చెప్పింది తప్పు! తప్పే!”

పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని రేణుకమ్మ, గల్లీ అంతా వినేలా ఆ మాటే అరుస్తూ పరుగెత్తింది.