ఆరో అంతస్తులో దిగని అమ్మ

ఆ ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆవిడని అందరూ లిఫ్టమ్మ అనే పిలుస్తారు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గచ్చు తుడిచే ముసలాయన దాకా అంతే. పద్దెనిమిదేళ్లుగా అదే ఇనుప డబ్బాలో, అదే స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కుతోంది. చెయ్యి ఖాళీగా ఉన్నా నోరు ఖాళీగా ఉండదు. దేవుడు తనకి చేసిన మేలు నలుగురికీ చెప్పకపోతే ఆవిడకి తిన్నది అరగదు. ఎక్కినవాళ్లకి పారిపోయే దారి ఎటూ ఉండదు కదా!

ఆవిడ సాక్ష్యానికి కొలతలున్నాయి. రెండో అంతస్తులో దిగేవాళ్లకి ముక్తసరిగా, "మా అబ్బాయికి మూడేళ్లప్పుడు మెదడువాపు జ్వరం. డాక్టర్లు చేతులెత్తేశారు. ప్రభువు లేపాడు," అంటుంది. నాలుగో అంతస్తు వాళ్లకి వరండాలో మోకాళ్ల మీద చేసిన ప్రార్థన కూడా కలుస్తుంది. ఆరో అంతస్తు దాకా వచ్చేవాళ్లు, పాపం, ఆ అబ్బాయి ఇప్పుడు నడుపుతున్న లారీకి ఎన్ని చక్రాలో కూడా విని దిగుతారు. ఆదివారం చర్చిలో సంఘం ముందూ ఇదే కథ. ఎక్కడ "ఆమెన్" అనాలో చంటి పిల్లలకి కూడా కంఠతా వచ్చు.

ఆ సోమవారం పొద్దున పది గంటలకి ఒక అమ్మాయి ఎక్కింది. పాతికేళ్లు కూడా ఉండవు. నడక చూస్తేనే పచ్చి బాలింత అని తెలుస్తోంది. చేతిలో చిన్న పాల సీసా. "ఆరు," అంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఆరో అంతస్తులోనే గాజు పెట్టెల్లో ఉంచుతారు. లిఫ్టమ్మకి సంగతి అర్థమై పూర్తి సాక్ష్యం అందుకుంది. లారీ చక్రాల దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది.

అమ్మాయి దిగలేదు. ఎదురొచ్చిన నర్సు చేతిలో సీసా పెట్టి, "కిందికి పోనివ్వండి," అంది.

మంగళవారం అంతే. బుధవారం కూడా అంతే జరిగేసరికి నర్సు ఊరుకోలేకపోయింది.

"ఏమ్మా, బాబు పుట్టి వారమైంది. ఒక్కసారైనా లోపలికి రావా? వాళ్ల నాన్న రోజూ డ్యూటీ దిగి వచ్చి చూసి వెళ్తున్నాడు. తల్లి చెయ్యి తగిలితే బిడ్డకి ఎంత ధైర్యమో తెలుసా?"

అమ్మాయి తల దించుకుంది. తలుపు మూసుకుంది. లిఫ్టమ్మ అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. "భయపడకమ్మా. ప్రార్థన చేస్తే ప్రభువు వింటాడు. మా అబ్బాయికి..."

"మీ ప్రార్థన విన్నాడు సరేనండీ. నాది వినకపోతే?"

లిఫ్టమ్మ స్టూలు మీంచి తల తిప్పి చూసింది.

"వాడు ఉంటాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. మొహం చూశాక పోతే నేను తట్టుకోలేను. చూడకపోతే... కొంచెం తేలికేమో," అని అమ్మాయి దిగి వెళ్లిపోయింది.

ఆ రోజంతా లిఫ్టు మూగగా నడిచింది. గొంతు పట్టేసిందా అని పదిమంది అడిగారు. ఆవిడ గొంతుకేం కాలేదు. సరిగ్గా ఇదే మాట ఇరవయ్యారేళ్ల కిందట తను అనుకుంది. ఆ సంగతి ఏ అంతస్తు సాక్ష్యంలోనూ లేదు. గెలిచిన కథకి సంఘంలో చప్పట్లు పడతాయి. ఓడిన కథ చెబితే తన పరువు, దేవుడి పరువు రెండూ పోతాయని ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకుంది. దేవుడి పరువు కాపాడమని ఆవిడని ఎవరడిగారో మరి!

డ్యూటీ దిగి ఇల్లు చేరేదాకా ప్రభువుతో వాదులాడింది. బిడ్డ ప్రాణం కొట్టుమిట్టాడుతుంటే ఆ తల్లికి చచ్చిపోయిన బిడ్డ కథ చెబుతారా ఎవరైనా? బెదిరిపోయి రేపట్నుంచి ఆ కాస్త పాలు కూడా తేవడం మానేస్తే? చెప్పకపోతే మాత్రం, ఈ పిల్ల కూడా తనలాగే మిగిలిపోదూ?

గురువారం అమ్మాయి ఎక్కింది. నాలుగు దాటగానే లిఫ్టమ్మ ఎర్ర మీట నొక్కింది. లిఫ్టు కుదుపుతో ఆగిపోయింది.

"ఇది నేనెవరికీ చెప్పలేదమ్మా, మా పాస్టరుగారితో సహా. మా అబ్బాయి తర్వాత నాకో ఆడపిల్ల పుట్టింది, ఏడో నెలలోనే. ఇలాంటి గాజు పెట్టెలోనే పెట్టారు. నువ్వనుకున్నట్టే నేనూ అనుకున్నాను. మా ఆయన రమ్మని బతిమాలితే నడుం నొప్పి అన్నాను, కళ్లు తిరుగుతున్నాయన్నాను. నాలుగు రోజులుంది. ఐదో రోజు పోయింది."

అమ్మాయి గోడకి ఆనుకుంది. కింద ఎవరో గంట కొట్టారు.

"తేలికవలేదమ్మా. దాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఏడుద్దామన్నా ఏ మొహాన్ని తలుచుకుని ఏడవను?"

"మరి... దేవుడు?" అంది అమ్మాయి, వినీ వినపడనట్టు.

"ఆయన మీద అలిగాను. తర్వాత సిగ్గుపడ్డాను. నేను వెళ్లని ఆ గదిలో దాని పక్కన ఆయన ఉన్నాడని నమ్ముతాను. అది నమ్మబట్టే బతికున్నాను. కానీ నేనూ ఉండాల్సిందమ్మా." లిఫ్టమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "నీ బాబు బతుకుతాడని మాటివ్వడానికి నేనెంతదాన్ని? బతకాలనే ప్రార్థిస్తున్నాను. ఈ ఒక్క సంగతి నీకు చెప్పకుండా దాచుకుంటే మాత్రం, నీ మీద ప్రేమ ఉందని చెప్పుకోవడం శుద్ధ అబద్ధం."

అన్ని అంతస్తుల నుంచీ గంటలు మోగుతున్నాయి. సూపర్‌వైజరు కేకలు కింద నుంచి వినిపిస్తున్నాయి. లిఫ్టమ్మ మళ్లీ ఆరో మీట నొక్కింది.

ఆరో అంతస్తులో తలుపు తెరుచుకుంది. అమ్మాయి పిల్లల గది గుమ్మం వైపు చూసి, ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "పిన్నీ, మీరు కూడా రండి. ఆ తలుపు దాకా."

పద్దెనిమిదేళ్లలో డ్యూటీ మధ్యలో లిఫ్టు వదిలింది లేదు ఆవిడ. స్టూలు తీసి తలుపుకి అడ్డం పెట్టింది. అందరూ మెట్లెక్కి రానీ, కాళ్లేం అరిగిపోవు అనుకుంది.

నర్సు ఎదురొచ్చింది. అమ్మాయి చేతులు శుభ్రంగా కడిగించి లోపలికి తీసుకెళ్లింది. లిఫ్టమ్మ గుమ్మం బయటే నిలబడింది. గాజు పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి అమ్మాయి చెయ్యి మెల్లగా లోపలికి వెళ్లింది. గుప్పెడంత బిడ్డ. వేలు తగలగానే పిడికిలి మూసుకుని గట్టిగా పట్టేసుకున్నాడు. అమ్మాయి భుజాలు కదిలిపోయాయి. లిఫ్టమ్మకి కళ్లు మసకబారినా ఆ బిడ్డ మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

కాసేపటికి అమ్మాయి ఆ కంత దగ్గరికి వంగింది.

"నాన్నా, నేనురా, అమ్మని. ఇన్ని రోజులూ గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయాను. ఎందుకో చెప్తాను, విను."